కోలుకున్నవారికి కొలువు: ఉమ్మడి మెదక్ జిల్లా నుంచి ఒక చరిత్ర

1996లో భారత ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ఆరంభించింది. తొలి విడతలో దేశమంతటా ఎంపికైన జిల్లాలు నాలుగే. అస్సాంలో నగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్. నాటి మెదక్ జిల్లాకు పాలనా కేంద్రం మన సంగారెడ్డి. 1796లో కట్టిన పాత జైలు ఎక్కడని అడిగితే ఈ ఊళ్లో ఏ ఆటో డ్రైవరైనా చెబుతాడు, అదిప్పుడు మ్యూజియం కదా. మానసిక వైద్యాన్ని పల్లె గడపకు చేర్చాలన్న ప్రయత్నం మొదలైన నాలుగు చోట్లలో ఇదొకటని మాత్రం ఇక్కడి వైద్యుల్లో కూడా చాలామందికి తెలియదు. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ ఆస్పత్రుల్లో గడిపిన నాకు ఈ మరపు కొంత బాధ కలిగిస్తుంది. అయితే ఆ కార్యక్రమాన్ని కీర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అందులో ఎవరికి శిక్షణ ఇచ్చారు, ఎవరిని విడిచిపెట్టారు అన్న ప్రశ్న నా మనసులో చాలాకాలంగా ఉంది. ఆ ప్రశ్నకు మెదక్ కంటే చాలా పాత చరిత్ర ఉంది.

ముందు నేపథ్యం. 1982లో కేంద్రం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రకటించింది. నిపుణులైన మానసిక వైద్యులు వేళ్లమీద లెక్కపెట్టదగినంతమంది, రోగులు లక్షల్లో. నిపుణుల కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండే మామూలు వైద్యుడికీ, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకూ అవసరమైనంత శిక్షణ ఇస్తే చాలావరకు వైద్యం ఊళ్లోనే అందించవచ్చునని బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ భావించింది. 1980ల మధ్యలో బళ్లారి జిల్లాలో దాన్ని ఆచరణలో పరీక్షించింది. బళ్లారిలో తెలుగువారు దండిగా ఉన్నారు కాబట్టి ఆ ప్రయోగంలో మనవాళ్లకూ భాగం ఉన్నట్టే. 1996లో నాలుగు జిల్లాలకు వచ్చింది ఆ బళ్లారి నమూనాయే.

అంతకుముందు మా ప్రాంతపు రోగులకు దారి ఒకటే, ఎర్రగడ్డ. బస్సెక్కించి, కొన్నిసార్లు చేతులు కట్టి, తీసుకుపోయేవారు. 'నిన్ను ఎర్రగడ్డకు పంపాలి' అన్నది మా కాలంలో తిట్టు. ఇప్పటికీ తిట్టే. ఆస్పత్రి పేరు తిట్టుగా మారిందంటే అక్కడికి వెళ్లివచ్చినవాడి నోరు శాశ్వతంగా మూసుకుపోతుంది. కోలుకున్నా చెప్పుకోడు. పిల్లల పెళ్లిళ్లు చెడిపోతాయని ఇంట్లోవాళ్లు చెప్పుకోనివ్వరు. ఇందువల్ల జరిగే నష్టం ఒకటుంది. కొత్తగా జబ్బుపడినవాడి కళ్లకు బాగుపడినవాడు ఎన్నడూ కనబడడు. కనబడేది గుడి మెట్ల దగ్గర చింపిరి జుట్టుతో తిరిగేవాడే. ఈ జబ్బుకు ముగింపు అదేనని జనం నమ్ముతారు.

జిల్లా కార్యక్రమం ఈ పరిస్థితిని కొంత మార్చింది. మూర్ఛకు, తీవ్ర మానసిక వ్యాధులకు, కుంగుబాటుకు మందులు పట్టణం దాటి లోపలికి వచ్చాయి. వైద్యులు, నర్సులు, ఏఎన్ఎంలు, ఆరోగ్య పర్యవేక్షకులు శిక్షణ పొందారు. ఆ రూపకల్పనలో లేనివారు ఒక్కరే. ఆ జబ్బునే పడి లేచినవారు.

కోలుకున్నవారు అదే బాధలో ఉన్న మరొకరికి తోడు నిలవడాన్ని ప్రపంచమంతటా 'పీర్ సపోర్ట్' అంటున్నారు. తెలుగులో సరైన మాట ఇంకా స్థిరపడలేదు. సహచర సహాయం అని కొందరు రాస్తున్నారు. నాకు 'తోటి సాయం' నచ్చుతుంది. తోటికోడలు, తోటి పిల్లలు అన్నప్పుడు ఆ 'తోటి'లో ఉన్న సమానత్వమే ఇక్కడ అసలు విషయం. ఇది వైద్యం కాదు, కౌన్సెలింగ్ అంతకన్నా కాదు. 'నాకూ ఇలాగే అయింది, ఇదిగో నిలబడి ఉన్నాను' అని చెప్పగలిగిన మనిషి పక్కన కూర్చోవడం. ఇప్పుడు అనేక దేశాల్లో దీనికి శిక్షణ ఉంది, పరీక్ష ఉంది, జీతం ఉంది.

చరిత్రకారులు ఈ కథను సాధారణంగా పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆస్పత్రి దగ్గర మొదలుపెడతారు. 18వ శతాబ్దం చివర్లో అది ఆస్పత్రి, అనాథాశ్రమం, చెరసాల కలగలిసిన చోటు. జాన్ బాప్తిస్త్ పుస్సాన్ అనే చర్మకారుడు గండమాల వ్యాధితో అక్కడ చేరాడు. గండమాల అంటే మెడ గ్రంథులకు వచ్చే క్షయ. నయమయ్యాక అక్కడే పనిలో కుదిరి, మెల్లగా మానసిక రోగుల విభాగానికి పర్యవేక్షకుడయ్యాడు. వైద్య పట్టా లేదు. 1793లో ఫిలిప్ పినెల్ అనే వైద్యుడు ఆ ఆస్పత్రికి వచ్చేసరికి ఈ పర్యవేక్షకుడు రోగులను కొట్టడం మాన్పించి, కోలుకున్నవారిలోంచీ కోలుకుంటున్నవారిలోంచీ ఏరి సేవకులుగా నియమించుకుని ఉన్నాడు. తాము బాధపడినవారు కనుక వారు దయగా ఉంటారు, రోగి మీద చేయి చేసుకోరు అన్నది అతని అనుభవం. పినెల్ విద్యావంతుడు, అంతకుమించి వినయవంతుడు. పుస్సాన్ దగ్గర నేర్చుకున్నానని తన రచనల్లో ఒప్పుకున్నాడు. బిసెత్ర్‌లో ఇనుప గొలుసులు తీయించినది 1797లో, పినెల్ వేరే ఆస్పత్రికి బదిలీ అయ్యాక, పుస్సానే. అయినా గొలుసులు తెంచిన మహానుభావుడిగా లోకంలో పేరు నిలిచింది పినెల్‌కే. మా వృత్తిలో ఇది కొత్త కాదు.

గొలుసులు పాత కథ అనుకోవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గర నడిచే ఒక పాకలో నిప్పంటుకుని, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు కదలలేక కాలిపోయారు. 25 మందికి పైగా మరణించారు. పుస్సాన్ గొలుసులు తీయించి అప్పటికి 204 సంవత్సరాలు.

వ్యసనం విషయంలో కథ ఇంకో దారిన నడిచింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1840లో ఆరుగురు తాగుబోతు మిత్రులు ఒక సారాయి కొట్లో కూర్చునే, ఇక తాగమని ప్రమాణం చేసుకున్నారు. తమ తొలి అధ్యక్షుడి పేరుమీద వాషింగ్టోనియన్లు అని పేరు పెట్టుకున్నారు. ప్రతివాడూ సభలో నిలబడి తన పతనాన్నీ, తన లేవడాన్నీ చెప్పేవాడు. జనం విరగబడ్డారు. లక్షలాదిమంది ప్రతిజ్ఞ పత్రాల మీద సంతకాలు చేశారు. పదేళ్లు తిరగకముందే ఆ ఉద్యమం చెల్లాచెదరయింది. ఎందుకు? ప్రతిజ్ఞ చేయించడమే తప్ప మరుసటి వారం అతని దగ్గరికి ఎవరు వెళ్లాలో ఏర్పాటు లేదు. వేదిక మీద గొప్పగా మాట్లాడినవాడు మళ్లీ తాగి దొరికిపోతే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. రాజకీయాలు, మతాలు లోపలికి వచ్చాయి. అనుభవం మాత్రమే ఉండి క్రమశిక్షణ లేకపోతే తోటి సాయం ఎంత త్వరగా ఆవిరైపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో జరిగింది ఎక్కువమందికి తెలిసిన కథే. తాగుడు మానిన న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ పనిమీద ఆ ఊరు వచ్చాడు. వ్యాపారం బెడిసికొట్టింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, ఎదురుగా బార్ ఉంది. తాగకుండా ఉండాలంటే తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అతనికి తోచింది. వాకబు చేస్తే దొరికినవాడు బాబ్ స్మిత్, అదే ఊరిలో శస్త్రచికిత్స వైద్యుడు. ఆ డాక్టరు చివరిసారి తాగిన 1935 జూన్ 10ని ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ తన పుట్టినరోజుగా పాటిస్తుంది. వైద్యుడే రోగి, షేర్ల వ్యాపారి తోడు. ఆ తోడు వల్ల మొదట నిలబడింది సాయం చేయడానికి వచ్చినవాడు. ఇద్దరూ తమకు ముందున్నవారి పతనం నుంచి పాఠం నేర్చుకున్నట్టుగానే నియమాలు పెట్టుకున్నారు. పేరు బయట పెట్టకూడదు, రాజకీయం కూడదు, డబ్బు వసూలు కూడదు, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఒక పాతవాడు బాధ్యుడు. ఆ సంస్థ 1957లో ఢిల్లీ ద్వారా మన దేశంలో అడుగుపెట్టింది. ఇప్పుడు తెలుగులోనూ సమావేశాలు జరుగుతున్నాయి.

మన దేశానికి మనదైన మార్గం కూడా ఒకటుంది. 1950లలో అమృతసర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాలు వేయించి ఉంచుకున్నారు. పడకలు చాలక చేసిన పని అది. ఒక తల్లి పక్క గుడారంలోని తల్లితో మాట్లాడుతుంది, ఒకరి కొడుకు కోలుకోవడం మరొకరు కళ్లారా చూస్తారు. రోగిని వదిలించుకుని పోయే అలవాటు దీనివల్ల చాలావరకు తగ్గింది. మద్యం విషయంలో చెన్నై ముందు నడిచింది. తాగుడు కారణంగా భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ 1980లో టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. కోలుకున్నవారిని చికిత్సా బృందంలోకి తీసుకోవడం అక్కడి పద్ధతుల్లో ఒకటి. ఆమెకు 1992లో పద్మశ్రీ లభించింది.

మరి తెలుగు నేల మీద? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. అక్షరాస్యతా తరగతిలో చదివిన 'సీతమ్మ కథ' ఆ కోపానికి నిప్పు రాజేసింది, వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఈ తేదీలు రాజకీయ చరిత్రలో అందరూ రాస్తారు. వైద్యుడిగా నాకు కనబడేది వేరు. బాధపడినవారే ఒకరికొకరు తోడై నిలబడిన ఘట్టం అంత పెద్దఎత్తున మన రాష్ట్రంలో అంతకుముందు లేదు. ఉపన్యాసాలు వినిపించని చోట పక్కింటి ఆడమనిషి మాట వినిపించింది. అయితే ఆ ఉద్యమం దుకాణం దాకా వెళ్లి ఆగింది. దుకాణం మూతపడిన రాత్రి వణుకుతూ, చెమటలు కారుతూ, గోడమీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేసే మగవాడి పక్కన ఎవరు కూర్చోవాలి? ఆ ప్రశ్నను ప్రభుత్వం అడగలేదు, ఉద్యమమూ అడగలేదు.

ఆ ప్రశ్న 2015లో మన గుమ్మంలోకి వచ్చింది.

తెలంగాణ పల్లెల్లో కల్లు ఆహారంతో సమానం. మగవాళ్లతోపాటు కూలిపనికి వెళ్లే ఆడవాళ్లూ తాగుతారు, దాన్ని తప్పుగా ఎవరూ చూడరు. చెట్టు కల్లుకూ తాగేవారికీ లెక్క కుదరనప్పుడు నీళ్లలో తీపికి సాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఇటీవల అల్ప్రాజోలం కలిపి అమ్మడం దశాబ్దాలుగా సాగుతున్న దందా. అల్ప్రాజోలం ఆందోళనకు వాడే మంచి మందు. మోతాదు తెలిసినవాడి చేతిలో, కొద్దికాలమే మంచిది. రోజూ తాగితే మెదడు దానికి అలవాటుపడుతుంది. మెదడు దూకుడును ఆపే సహజమైన బ్రేకుకు ఈ మందు తోడవుతుంది, అందువల్ల మెదడు తన సొంత బ్రేకును సడలించుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆగిపోతే బ్రేకు లేని బండి అవుతుంది. నిద్ర ఉండదు, చేతులు వణుకుతాయి, నోరు తడబడుతుంది, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణాలూ పోవచ్చు.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై ఒక్కసారిగా దాడులు చేయించింది. ఉద్దేశం మంచిదే. కల్తీ ఆగింది, దానితోపాటే వేలాది శరీరాలకు రోజూ అందుతున్న మత్తుమందూ ఆగింది. రోజుల వ్యవధిలో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులు నిండిపోయాయి. వందలాదిమంది, వారిలో ఆడవాళ్లు ఎందరో. వింతగా ప్రవర్తిస్తున్నారని కొందరిని తాళ్లతో కట్టి తెచ్చారు. ఇరవై ఏళ్ల క్రితం దేశంలో మొదటి నాలుగు మానసిక ఆరోగ్య జిల్లాల్లో ఒకటైన మెదక్ ఈ మూడింటిలో ఒకటి కావడం గమనించండి. ఇంకో విడ్డూరం, అల్ప్రాజోలాన్ని అక్రమంగా తయారుచేస్తూ పట్టుబడిన యూనిట్ల వార్తలు పటాన్‌చెరు చుట్టుపక్కల నుంచే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ప్రపంచానికి మందులు పంపే నేల ఇది. ఆ రసాయన విద్యే కల్లు సీసాలోకీ దారి చేసుకుంది.

నేను అప్పటికి పదవీ విరమణ చేశాను. అయినా మా వాడకట్టు జనం అడగడానికి వచ్చేవారు. ఒకనాడు ఒక కూలీ తల్లిని ఆస్పత్రిలో చేర్పించాక చూడటానికి వెళ్లాను. ఆమె పక్కన వాళ్ల ఊరి ముసలమ్మ కూర్చుని ఉంది. ఆ ముసలమ్మ ఎన్నో ఏళ్ల క్రితం కల్లు మానింది. చెయ్యి పట్టుకుని, 'గట్టిగుండు బిడ్డా, నాకు గిట్లనే అయింది, నాలుగొద్దులైతే నిద్ర పడతది' అంటోంది. వైద్యులుగా మేం ఎన్ని చెప్పినా తగ్గని భయం ఆ మాటతో సగం తగ్గింది. అంతలోనే అదే ముసలమ్మ గొంతు తగ్గించి, 'గీ గోలీలు ఎక్కువ మింగకు, గివీ మత్తువే' అన్నది. ఆ గోలీలే ఆమెకు ఫిట్స్ రాకుండా కాపాడుతున్నవి. మోతాదు రోజురోజుకూ తగ్గించుకుంటూ ఆపవలసిన మందులు అవి, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

తోటి సాయానికి శిక్షణ ఎందుకు కావాలో ఆ రెండు మాటలు చెబుతాయి. మొదటి మాటను ఏ వైద్య కళాశాలా నేర్పలేదు. రెండోమాట అనకుండా ఉండటాన్ని మాత్రం నేర్పవచ్చు.

దీన్ని ఉద్యోగంగా మలచిన పని అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జరిగింది. 1999లో ఆ రాష్ట్రం పేదల ఆరోగ్య బీమా పథకం మెడికెయిడ్ కింద, మానసిక వ్యాధి అనుభవించి కోలుకున్నవారు ఇచ్చే సాయానికి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత శిక్షణ, పరీక్ష, ధృవపత్రం ఏర్పడ్డాయి. 2007లో కేంద్ర ప్రభుత్వం అన్ని రాష్ట్రాలకూ దీన్ని అనుమతిస్తూ మూడు షరతులు పెట్టింది. నిపుణుడి పర్యవేక్షణ ఉండాలి, రోగి మొత్తం చికిత్సా ప్రణాళికతో ఈ సాయం ముడిపడి ఉండాలి, శిక్షణా ధృవపత్రమూ ఉండాలి. 1840 నాటి వాషింగ్టోనియన్లకు లేనివి సరిగ్గా ఈ మూడే.

శిక్షణలో ఏం నేర్పుతారని నన్ను అడిగేవారున్నారు. మొదటిది తన కథ చెప్పడం. వినడానికి సులువుగా ఉన్నా అన్నిటిలోకీ కష్టమైనది ఇదే. ఎదుటివాడికి పనికొచ్చేంతవరకే చెప్పాలి. చెబుతూ చెబుతూ తన పాత బాధలోకి తానే జారిపోకూడదు, తన తాగుడు రోజుల సాహసాలను గొప్పగా వర్ణించకూడదు. రెండోది వినడం, తీర్పు చెప్పకుండా, సలహాల వాన కురిపించకుండా. మందుల జోలికి పోకూడదని గట్టిగా నేర్పుతారు. మోతాదు పెంచమనీ, తగ్గించమనీ, ఆపమనీ అనే అధికారం తనకు లేదు. ఫిట్స్ లక్షణాలు, మతి తప్పుతున్న లక్షణాలు, ఆత్మహత్య ఆలోచన సూచించే మాటలు గుర్తుపట్టడం, అప్పుడు రాత్రి రెండు గంటలకైనా ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండటం తప్పనిసరి. రోగి చెప్పిన విషయం ఊళ్లో పొక్కకూడదు. అప్పు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. మన ఊళ్లలో ఈ ఒక్క నియమం దగ్గరే సగం సంబంధాలు చెడతాయి. తన దేవుణ్ణీ, తన పార్టీనీ ఇంటి దగ్గర వదిలి రావాలి. చివరిది తన ఆరోగ్యం. రోజంతా ఇతరుల వ్యసనం మధ్య తిరిగేవాడికి మళ్లీ జారే ప్రమాదం ఎక్కువ. జారితే దాచకుండా చెప్పగలిగే పర్యవేక్షకుడు ఉండాలి. జారినవాణ్ణి వెలివేయకుండా కొంతకాలం పక్కన కూర్చోబెట్టే ఏర్పాటూ ఉండాలి.

ఇది విదేశీ వ్యవహారమనీ మనకు సరిపడదనీ అనే మిత్రులకు నా సమాధానం ఇది. మన ప్రభుత్వాలు ఈ పద్ధతిని వేరే జబ్బుల్లో ఎప్పుడో స్వీకరించాయి. 1992లో కలకత్తా సోనాగాచీలో డాక్టర్ స్మరజిత్ జానా హెచ్ఐవీ నివారణకు అక్కడి సెక్స్ వర్కర్లకే శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత పీర్ ఎడ్యుకేటర్ అనే మాట జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో మామూలు మాటయింది. క్షయ నుంచి కోలుకున్నవారిని టీబీ ఛాంపియన్లని పిలిచి వారిచేత ఊళ్లలో మాట్లాడిస్తున్నారు. క్షయరోగి మాట్లాడవచ్చు, హెచ్ఐవీ బాధితుడు మాట్లాడవచ్చు. మానసిక రోగి మాట దగ్గరికి వచ్చేసరికి మనకు సందేహం, 'వీడు చెప్పేది నమ్మవచ్చునా' అని. ఎర్రగడ్డ అన్న తిట్టు అక్కడ పనిచేస్తోంది.

చట్టం ఆ సందేహాన్ని కొంత తొలగించింది. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, రోగుల హక్కులను కాపాడే సమీక్షా మండళ్లలో జిల్లా జడ్జి, వైద్యులతోపాటు మానసిక వ్యాధిని అనుభవించినవారికి గానీ, వారి సంరక్షకులకు గానీ, వారి తరఫు సంస్థల ప్రతినిధులకు గానీ స్థానం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తోటి సాయం మీద ప్రత్యేక మార్గదర్శిని ప్రచురించింది. గుజరాత్‌లో ప్రభుత్వ మానసిక ఆస్పత్రిలోనే కోలుకున్నవారిచేత ఈ సాయం అందించే ప్రయత్నాలు జరిగాయి. మత్తు వ్యసనాల విషయంలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే పునరావాస కేంద్రాల సిబ్బందిలో పీర్ ఎడ్యుకేటర్ పదవి ఉంది. చదవడం రాయడం వచ్చి, ఒకటి రెండేళ్లుగా మత్తుకు దూరంగా ఉన్న పూర్వ వ్యసనపరుడే అర్హుడు. ప్రభుత్వ కొలువుల్లో 'నేను ఒకప్పుడు తాగేవాణ్ణి' అన్న మాట అర్హత అయ్యే పదవి నాకు తెలిసి ఇదొక్కటే! దిక్కుమాలిన విషయమేమంటే ఈ పదవి కేంద్రం గేటు లోపలే ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర లేదు.

అవసరం ఎంతో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒకరు. మిగిలిన 37 మంది డాక్టరు దగ్గరికి రాకపోవడానికి డాక్టర్లు తక్కువ కావడం ఒక కారణమే. రావడానికి సిగ్గు, వస్తే పని పోతుందన్న భయం ఇంకా పెద్ద కారణాలు.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం వైపు తిరిగి చూసినవారికి ఈ భయం అర్థమవుతుంది. మూడు షిఫ్టుల పని, రాత్రి నిద్ర చెడిపోవడం, రసాయనాల వాసన, కాంట్రాక్టరు దయమీద ఉద్యోగం. బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఒక్క గదిలో ఆరుగురు ఉండే కుర్రాళ్లు. జబ్బుపడితే చెప్పుకునేందుకు భాష రాదు, ఇల్లు వెయ్యి కిలోమీటర్ల దూరం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు, వారిలో ఎక్కువమంది ఇలా వలస వచ్చినవారే. శరీరానికి గాయం లేకుండా బయటపడినవారు మళ్లీ అదే సైరను విన్నప్పుడు ఏమవుతారో, రాత్రి నిద్రకోసం ఏ సీసా వైపు చేయి చాస్తారో ఊహించడం కష్టం కాదు. ఆ కుర్రాడికి తెలుగు డాక్టరు చెప్పేది సగమే అర్థమవుతుంది. తన జిల్లా యాసలో, తన షిఫ్టు తెలిసిన మనిషి చెబితే వింటాడు. 'తోటి' అన్న మాటకు ఈ బెల్టులో భాష కూడా అర్థమే. కనుక ఇక్కడ శిక్షణ పొందవలసినవారు తెలుగువారు మాత్రమే అయితే చాలదు. మగవారు మాత్రమే అయితే అసలే చాలదు, కల్లు మానిన ఆడవాళ్లు ముందుకు రాకపోతే 2015లో ఆస్పత్రుల్లో చేరినవారిలో ఎందరికో తోడు లేనట్టే.

నా వయసు డెబ్బై దాటింది. సంగారెడ్డిలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, దానిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఆ విభాగం పర్యవేక్షణలో ఏడాదికి ఇరవైమంది కోలుకున్నవారికి, సగంమంది స్త్రీలుగా, నెలా రెండు నెలల శిక్షణ ఇచ్చి, వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ కార్మిక బీమా డిస్పెన్సరీలకూ జీతం మీద పంపడం అసాధ్యమైన పనిగా నాకు తోచడం లేదు. జీతం అన్న మాట కావాలనే రాశాను. గౌరవ వేతనం పేరుతో చేతిలో చిల్లర పెట్టి, బాధ అనుభవించావు కనుక సేవ చెయ్యి అనడం అన్యాయం. పుస్సాన్‌కు కూడా జీతం ఇచ్చారు.

ఈ పనిపై ఆసక్తి ఉన్న పాఠకులకు ఆచరణలో చెప్పగలిగింది కొంత ఉంది. మీరు మద్యం, కల్లు లేదా ఇతర మత్తు మాని కనీసం ఏడాది దాటితే, మీ చికిత్స చేసిన వైద్యుడిని కలిసి ఈ కోరిక చెప్పండి. కేంద్ర సాయంతో నడిచే పునరావాస కేంద్రాల్లో పీర్ ఎడ్యుకేటర్ ఖాళీల గురించి జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. మానసిక వ్యాధి నుంచి కోలుకున్నవారు మందులు వాడుతున్నంతమాత్రాన అనర్హులు కారు. మధుమేహానికి మందు వేసుకునేవాడు ఉద్యోగం చేయడం లేదా? ఇంట్లో ఎవరైనా కల్లు గానీ మద్యం గానీ మానదలిస్తే ఒక్కసారిగా ఆపించకండి, ముందు ఆస్పత్రికి తీసుకురండి. మాట్లాడటానికి మనిషి కావాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416, వ్యసనాలకు సంబంధించి 14446. రెండూ ఉచితం, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.